కెమెరా వెనక మన పిల్లలు

మన ఊళ్ళకు కెమెరా కొత్త కాదు. 1940లలో హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మర్లవాయిలో ఉన్న రోజుల్లోనే మన దండారీలు, మన పెళ్ళిళ్ళు, మన చేన్లు ఫొటోల్లోకి, ఫిలిం రీళ్ళలోకి ఎక్కాయి. అవి ఇప్పుడు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన మనకు చేసిన మేలు తక్కువది కాదు. గోండు పిల్లలకు గోండు పంతుళ్ళే చదువు చెప్పాలని 1943లో మర్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టించాడు. గోండిలో వాచకాలు తయారు చేయించాడు. ఆ బడుల్లో అక్షరాలు నేర్చినవాళ్ళ మనవలు, మునిమనవలు మనలో చాలామందే ఉన్నారు.

ఆయన తర్వాత ఎందరో వచ్చారు. పత్రికలవాళ్ళు, పరిశోధకులు, టీవీవాళ్ళు, ఇప్పుడు యూట్యూబ్‌వాళ్ళు. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి చూడండి, మెస్రం వంశంవాళ్ళు పూజకు కూర్చునే జాగా కంటే కెమెరాలు నిలబడే జాగా ఎక్కువ. అన్ని ఫొటోల్లోనూ మనం కెమెరాకు ముందే ఉన్నాం. కింద "గిరిజన మహిళ", "అడవి బిడ్డ" అని రాసి ఉంటుంది. ఆ మహిళ పేరేమిటో, ఏ ఊరో, ఏ పాడి మనిషో రాసినవాళ్ళు తక్కువ.

కెమెరా మన పిల్లల చేతికి వస్తే ఏమవుతుందన్నది నేను దగ్గర నుంచి చూశాను. అదే ఇక్కడ రాస్తున్నాను. నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే టీచర్ని, ఇంట్లో గోండి మాట్లాడేదాన్ని. కొన్నేళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో మా మండలంలో ఒక ఊరి కమ్యూనిటీ హాలులో పిల్లలకు వీడియో, ఆడియో నేర్పే శిబిరం పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నేర్పడానికి వచ్చారు. వాళ్ళకు గోండి రాదు. మా పిల్లల్లో కొందరికి తెలుగులో మాట్లాడాలంటే నోరు పెగలదు. అందుకని మధ్యన నన్ను కూర్చోబెట్టారు. పద్నాలుగు మంది పిల్లలు. తొమ్మిది మంది గోండులు, ముగ్గురు కొలాములు, ఇద్దరు ప్రధాన్లు. అందులో ఆరుగురు ఆడపిల్లలు. వయసు పదిహేను నుంచి ఇరవై. ఆరు ఫోన్లు, ఒక చిన్న మైకు, ఒక లాప్‌టాప్. పది రోజులు.

మొదటి రోజు ఫోన్లు ముట్టనివ్వలేదు. అందరినీ ఊరి మధ్య చెట్టు కింద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. పావుగంట సేపు ఏమేం వినిపించాయో కాగితం మీద రాయమన్నారు. పిల్లలు రాయడానికి కూర్చుని తలలు గోక్కున్నారు. జొన్నరొట్టె తట్టే చప్పుడు, ఎద్దు మెడ గంట, దూరంగా ఎవరో గొడ్డలితో కొడుతున్న చప్పుడు, పేరు తెలిసిన పిట్ట, తెలియని పిట్ట. వీటికి తెలుగులో మాట తట్టదు, గోండిలో నోటి చివరే ఉంటుంది. "గోండిలో రాయొచ్చా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. రాయమన్నాను. తెలుగు అక్షరాల్లోనే గోండి రాశారు. ఆశ్రమ పాఠశాలలో ఏళ్ళ తరబడి వెనక బెంచీలో కూర్చుని, పరీక్ష పేపర్లో మూడు వాక్యాలు దాటని పిల్లాడు ఆ రోజు రెండు పేజీలు నింపాడు.

తర్వాత నేర్పినవి చిన్న చిన్న విషయాలే. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఊపిరి బిగబట్టాలి, అప్పుడు బొమ్మ వణకదు. ఒక్కో షాట్ కనీసం పది సెకన్లు కదలకుండా తీయాలి. గాలి చప్పుడు రాకుండా మైకుకు గుడ్డ చుట్టాలి. మాట్లాడే మనిషి వెలుగు వైపు ముఖం పెట్టాలి. తీసినదాన్ని సాయంత్రమే లాప్‌టాప్‌లో ఎక్కించి, తేదీ, ఊరు, మనిషి పేరు రాసి పెట్టాలి. ఇవి రెండు రోజుల్లో వచ్చేశాయి. మనవాళ్ళ చేతులు పనికి అలవాటుపడ్డ చేతులు, త్వరగా పట్టుకుంటాయి. ఏం తీయాలి, ఎవరిని అడిగి తీయాలి, ఏం తీయకూడదు అన్నవి నేర్చుకోవడానికి మిగిలిన రోజులన్నీ చాలలేదు.

మూడో రోజు ఆ ఊరి పటేల్ దాదా వచ్చాడు. రామ్ రామ్ చెప్పి, అరుగు మీద కూర్చుని, పిల్లలు చేసేదంతా చాలాసేపు చూశాడు. పోతూ పోతూ గోండిలో నన్ను అడిగాడు: "బాయీ, దీనివల్ల పత్తికి ధర పెరుగుతుందా?" పెరగదన్నాను. "తగ్గుతుందా?" తగ్గదన్నాను. "మరెందుకు?" అన్నాడు. వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. పిల్లలందరూ నా వైపు చూశారు.

ఆ మాట నేను తెలుగులోకి చెప్పగానే హైదరాబాద్ అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఇదే ప్రశ్న ఇంకో ఆదివాసీ పెద్దాయన ఎప్పుడో అడిగాడని చెప్పింది. 1966లో అమెరికాలోని అరిజోనాలో, పైన్ స్ప్రింగ్స్ అనే చోట, సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు నవాహోలకు పదహారు మిల్లీమీటర్ల సినిమా కెమెరాలు ఇచ్చి, మీకు తోచిన సినిమా మీరే తీసుకోండి అన్నారట. అక్కడి పెద్దాయన, సినిమాలు తీస్తే గొర్రెలకు ఏమైనా కీడా అని అడిగాడు. కీడేమీ లేదన్నారు. మేలేమైనా ఉందా అన్నాడు. మేలూ లేదన్నారు. మరెందుకు తీయడం అన్నాడు. వాళ్ళకు గొర్రెలు, మనకు పత్తి. పటేల్ దాదాకు ఈ కథ చెబితే నవ్వి, "అయితే ఆ ముసలాయన తెలివైనవాడే" అన్నాడు. మరునాటి నుంచి రోజూ వచ్చి కూర్చున్నాడు. ఆయన ప్రశ్నకు జవాబు మాత్రం అప్పుడు మా ఎవరి దగ్గరా లేదు.

పిల్లలు మూడు జట్లుగా విడిపోయి మూడు చిన్న సినిమాలు తీశారు. వాటిలో రెండింటి గురించి చెబుతాను.

ప్రధాన్ పిల్లాడొకడు వాళ్ళ నాన్న కీక్రి వాయిస్తుంటే తీస్తానన్నాడు. మనకు తెలిసిందే, గోండుల ఒక్కో వంశానికి తరతరాలుగా ఒక ప్రధాన్ ఇల్లు ఉంటుంది. మన దేవతల కథలు, మన పుట్టుక కథలు వాళ్ళ గొంతుల్లో ఉన్నాయి. ఆ పిల్లాడి నాన్న కూలికి పోతున్నాడు. కీక్రి గోడకు వేలాడుతోంది. "రెండు నిమిషాలు వాయించు బాబా, తీసుకుంటా" అన్నాడు పిల్లాడు. ఆయన ఒప్పుకోలేదు. "కథ నీ ఫోన్ కోసం పుట్టలేదు. యజమాని ఇంటివాళ్ళు వచ్చి కూర్చోవాలి, దీపం పెట్టాలి, మొదలుపెట్టింది ముగించాలి. అట్లయితే పాడతా" అన్నాడు.

పిల్లాడు పక్క ఊరికి సైకిల్ మీద పోయి యజమాని ఇంటి పెద్దలను పిలుచుకొచ్చాడు. వాళ్ళు ఆ ప్రధాన్‌ను పాడమని అడిగి చాలా ఏళ్ళయిందట. ఇంతకుముందు పిలవడానికి ఇటు డబ్బు లేదు, అటు తీరిక లేదు. వాళ్ళు జొన్నలు, కొంత డబ్బు పట్టుకొచ్చారు. మూడు రాత్రులు పాట నడిచింది. ఇద్దరు పిల్లలు వంతులు వేసుకుని మైకు పట్టుకున్నారు. ఛార్జింగ్ అయిపోతే పవర్ బ్యాంకు మార్చారు. మూడో రాత్రి హాలు నిండిపోయి జనం బయట నిలబడి విన్నారు.

అసలు కష్టం తర్వాత వచ్చింది. సినిమా కింద తెలుగులో మాటలు వేయాలి. ప్రధాన్ల ఇంటి భాష మరాఠీకి దగ్గరది, పాట భాష పాత గోండి. పిల్లాడికి సగం మాటలు తెలియవు. గోండు పిల్లలకూ తెలియవు. నాకూ చాలా తెలియలేదు. పిల్లలు చిన్న పుస్తకం పట్టుకుని ముసలమ్మల దగ్గరికి తిరిగారు. ఒక్కో మాట కోసం ఒక్కో సాయంత్రం పట్టింది. ఒక మాటకు ఇద్దరు ముసలమ్మలు రెండు అర్థాలు చెప్పి పోట్లాడుకున్నారు, పిల్లలు రెండూ రాసుకొచ్చారు. ఐదు గంటలకు పైగా ఉన్న పాటలోంచి పన్నెండు నిమిషాల సినిమా తయారైంది. మొత్తం పాటను రెండు హార్డ్ డిస్కుల్లో ఎక్కించి ఒకటి ప్రధాన్ ఇంట్లో, ఒకటి యజమాని ఇంట్లో పెట్టారు. మొత్తం పాటను యూట్యూబ్‌లో పెట్టవద్దని ప్రధాన్ దాదా చెప్పాడు. పెట్టలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు 29 లక్షలకు పైగా ఉన్నారు. ఆ లెక్క చూసి మన భాషకేం భయం లేదనుకునేవాళ్ళున్నారు. హాస్టల్ వరండాలో నిలబడి పిల్లలు ఏ భాషలో కొట్లాడుకుంటున్నారో వినండి, అసలు లెక్క తెలుస్తుంది. భాషను కాపాడుకోవాలి అని పిల్లలకు సభల్లో ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. సినిమా కింద వేయాల్సిన మాట తెలియక పని ఆగిపోయినప్పుడు వాళ్ళంతట వాళ్ళే ముసలమ్మల ఇంటికి పరుగెత్తారు.

రెండో సినిమా పేరు "ఏర్". ఆ పేరు మీదే ఒక పూట తగువు జరిగింది. ఏర్ అంటే మనకు నీళ్ళు. తెలుగువాళ్ళు చదివితే వాగు అనుకుంటారని ఒకడన్నాడు. మాకు ఈర్, మా మాట కూడా వేయండని కొలాం పిల్లాడన్నాడు. చివరికి సినిమా పేరు "ఏర్, ఈర్, నీరు" అయింది. తీసింది ఇంటర్ చదివే ఒక గోండు పిల్ల. వాళ్ళ కాకో, అంటే అమ్మమ్మ, తెల్లవారుజామున గుట్ట దిగి చెలిమె దగ్గరికి పోయి, గిన్నెతో నీళ్ళు తోడి, బిందె నింపి, మళ్ళీ గుట్ట ఎక్కి వస్తుంది. సినిమా అంతా అదే. తొమ్మిది నిమిషాల్లో ఆరు నిమిషాలు నడకే.

శిబిరం చివర పట్నం నుంచి వచ్చిన ఒక సినిమా తెలిసిన పెద్దమనిషి చూసి, బాగుంది కానీ నడక కోసెయ్యండి, ముఖం దగ్గరగా చూపండి, కన్నీళ్ళు ఉంటే ఇంకా మంచిది అన్నాడు. ఆ పిల్ల బడిలో నా ముందు కూడా తలెత్తి మాట్లాడేది కాదు. ఆ రోజు లేచి నిలబడింది. "కోసేస్తే బిందె ఎక్కడిదో ఎట్లా తెలుస్తది సార్? కాకో ఏడవదు. నడుస్తది" అంది. అంతే, కూర్చుంది. హాలంతా నిశ్శబ్దం. నేను తెలుగులోకి మార్చాల్సిన పని లేకపోయింది, ఆ పిల్ల తెలుగులోనే చెప్పింది.

నవాహోలు తీసిన సినిమాల్లోనూ నడక ఎక్కువ, ముఖాన్ని దగ్గరగా చూపడం తక్కువ అని ఆ పరిశోధకులు 1972లో అచ్చువేసిన పుస్తకంలో రాశారట. ఈ సంగతి తర్వాత తెలిసింది. ఆ నవాహోలు ఎవరో, మా పిల్ల ఎవరో. చేతికి కెమెరా ఇచ్చి కాస్త పక్కకు తప్పుకుంటే, మనిషి తన కాళ్ళకు తెలిసిన దూరాన్ని చూపిస్తాడనిపించింది.

ఆ సినిమాను ఊరివాళ్ళు ఒక సోమవారం అర్జీతో పాటు తీసుకెళ్ళి అధికారులకు ఫోన్‌లో చూపించారు. ఏడాది తర్వాత గుట్ట మీద బోరు పడింది. సినిమా చూసే వేశారని నేను చెప్పను. అర్జీలు అంతకుముందు ఎన్నో ఇచ్చారు. అయితే అర్జీ రాయాలంటే ఊరివాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోవాలి. ఈసారి చెప్పాల్సింది వాళ్ళ పిల్లే చెప్పింది. పటేల్ దాదా ఆ రోజు నాతో ఏమీ అనలేదు కానీ, ఊరివాళ్ళతో "మన పిల్లే తీసింది" అని రెండు మూడుసార్లు చెప్పడం విన్నాను.

ఇక తీయకూడని వాటి సంగతి. శిబిరానికి ముందు ఏడాది ఒక ఊళ్ళో కుర్రాళ్ళు ఎండాకాలంలో గుస్సాడీ టోపీ పెట్టుకుని సినిమా పాటకు ఎగిరి రీల్ పెట్టారు. టిక్‌టాక్‌ను 2020లో మన దేశంలో ఆపేశాక ఆ ఎగురుడంతా ఇన్‌స్టాగ్రామ్‌లోకి మారింది. వేలమంది చూశారు. పెద్దలు మండిపడ్డారు, విషయం రాయ్ సెంటర్‌కు పోయింది. గుస్సాడీ వేషం అంటే ఏమిటి? దండారీకి ముందు ఏత్మాసూర్ పేన్‌కు పూజ చేసి, నెమలి ఈకల టోపీ దించి, వేషం కట్టిన నాటి నుంచి కొలబోడి దాకా స్నానం లేకుండా నియమంతో ఉంటాడు మనిషి. మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ నియమాన్ని, ఆ అడుగుల్ని జీవితాంతం పట్టుకున్నందుకే. కుర్రాళ్ళకు ఆ సంగతి తెలియక కాదు. లైకుల వేడిలో గుర్తు రాలేదు.

శిబిరంలో ఈ రీల్‌ను అందరం కూర్చుని చూశాం. తిట్టలేదు. పెద్దల్ని పిలిచి, ఇందులో మీకు ఎక్కడ నొప్పి కలిగిందో చెప్పమన్నాం. ఒకాయన, "ఎగిరినందుకు కాదు, ఈకలు నేలమీద పడేసినందుకు" అన్నాడు. ఇంకొకాయన, "డోలు, పెప్రె లేకుండా ఎట్లా ఎగురుతార్రా?" అన్నాడు. ఆ సాయంత్రం పిల్లలే ఒక చార్టు రాసి గోడకు అంటించారు. పూజ లోపల జరిగేది అడగకుండా తీయొద్దు. ఏడ్చే మనిషిని, తాగి పడిపోయిన మనిషిని తీయొద్దు. చిన్నపిల్లల ముఖాలు తల్లిదండ్రులను అడగకుండా పెట్టొద్దు. తీసినదాన్ని ముందు తీసినవాళ్ళకే చూపించాలి, వద్దంటే తీసేయాలి. మన మధ్యకు కెమెరాలతో వచ్చే పెద్దపెద్ద సంస్థలు కూడా ఈ చార్టు చదివి రావాలని నాకు అనిపించింది. మరుసటి నాగోబా జాతరకు ఆ పిల్లల్లో నలుగురు వాలంటీర్లుగా పోయారు. బయటివాళ్ళు పూజ దగ్గరికి కెమెరాతో తోసుకొస్తే, "అన్నా, ఇక్కడి దాకే" అని చెప్పారు. ఎక్కడ ఆగాలో వాళ్ళకు తెలుసు కాబట్టి చెప్పగలిగారు.

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమాలో భీమ్‌ను ప్రపంచమంతా చూసింది. మన పిల్లలూ ఈలలు వేసి చూశారు. అది కల్పిత కథ అని తీసినవాళ్ళే చెప్పారు. కానీ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మన భీమ్ కథ తీయడానికి కోట్లు ఉన్నవాళ్ళకే వీలుందా? భీమ్‌తో నడిచినవాళ్ళ మనవలు, మునిమనవలు ఆ గుట్టల్లోనే ఉన్నారు. వాళ్ళ నోటి మాటలు రికార్డు చేయడానికి కావలసింది ఒక ఫోన్, ఒక మైకు, ఓపిక. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో మనవంటి ఆదివాసులు మామూలు ఫోన్ నుంచే గోండిలో తమ ఊరి వార్త చెప్పారు. మన రాష్ట్రంలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్, మాచనూరు పల్లెల దళిత మహిళలు వీడియో నేర్చుకున్నారు, 2008 నుంచి సొంత రేడియో నడిపారు. వాళ్ళు చేయగలిగింది మనం చేయలేమా?

ఇంత చెప్పి, ఆ పద్నాలుగు మంది ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పకపోతే సగం మాటే అవుతుంది. ఇద్దరు ఉట్నూరులో పెళ్ళి వీడియోలు తీస్తూ ఇల్లు నడుపుకుంటున్నారు. నీళ్ళ సినిమా తీసిన పిల్ల ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఒక పిల్లకు పెళ్ళయింది, ఫోన్ ఇప్పుడు భర్త జేబులో ఉంటుంది. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది పత్తి చేన్లలోనే ఉన్నారు. కెమెరా నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని ఎవరికీ చెప్పకండి. రాదు. రెండో ఎండాకాలం తర్వాత శిబిరానికి డబ్బు ఇచ్చేవాళ్ళు లేక అది ఆగిపోయింది. అలాంటివి బయటి డబ్బు మీద నిలబడితే ఇలాగే ఆగిపోతాయి.

కానీ ప్రధాన్ పిల్లాడు ఇప్పుడు తండ్రి పక్కన కూర్చుని వంత పాడుతున్నాడు. పనికి పోయివచ్చిన రోజుల్లో కూడా. రెండో ఎండాకాలంలో ఇంకో పిల్లాడు గుంజాల లిపి నేర్చుకుని వచ్చాడు. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. సినిమా పేరు ఆ అక్షరాల్లో వేయాలని పట్టుబట్టాడు. మొదట లాప్‌టాప్‌లో అన్నీ ఖాళీ డబ్బాలే వచ్చాయి. ఫాంట్ వెతికి వేశాక ఒక్కో డబ్బా ఒక్కో అక్షరమైంది. చుట్టూ ఉన్న పిల్లలు కేకలు వేశారు. నార్నూర్ దగ్గర గుంజాల ఊళ్ళో పెద్దలు పాత కాగితాల్లో దాచి ఉంచిన అక్షరాలవి.

అందుకని చదువుకున్న మనవాళ్ళకు నా మనవి ఒక్కటే. ఆశ్రమ పాఠశాలల్లో కంప్యూటర్ గది ఉంటుంది, చాలాచోట్ల తాళం వేసి ఉంటుంది. శనివారం పూట దాని తాళం తీయించండి. రెండు పాత ఫోన్లు, ఒక మైకు మీరే ఇవ్వండి. హైదరాబాద్ నుంచి ఎవరూ రానక్కరలేదు, ఉట్నూరులో పెళ్ళి వీడియోలు తీసే ఆ ఇద్దరూ నేర్పగలరు. పాడే ప్రధాన్‌కు, మాట అర్థం చెప్పే ముసలమ్మకు పంతులుకు ఇచ్చినట్టే కూలి కట్టి ఇవ్వండి. వాళ్ళు కూడా ఈ చదువులో గురువులే.

మా పిల్లలు సినిమా చివర పేర్లు వేసిన తీరు ఒకటి చెప్పి ముగిస్తాను. పట్నం అబ్బాయి, అమ్మాయి పేర్లు వరుసగా రాసి చూపించారు. పిల్లలు వాటి పక్కన ఇంకో వరుస చేర్చారు: ఊరి పేరు, ఇంటి పేరు, నాలుగు దేవుళ్ళవాళ్ళా, ఐదా, ఆరా, ఏడా. కొలాం, ప్రధాన్ పిల్లలు తమ లెక్కలు తాము రాసుకున్నారు. నీళ్ళు తోడిన కాకో పేరు అన్నిటికంటే పైన వేశారు. చదువు రాని ఆ ముసలమ్మ తెర దగ్గరికి పోయి, "ఇందులో నేను ఏది?" అని అడిగింది. మనవరాలు ఆమె చేయి పట్టుకుని, ఆమె వేలిని ఆ పేరు మీద పెట్టింది.